కౌంటీ మీ ఎలక్ట్రిక్ కారుకు ఎక్కువ విలువ కట్టిందా? వర్జీనియాలో అప్పీలు చేయడం ఎలా

మన దగ్గర బండి కొన్నప్పుడు లైఫ్ టాక్స్ కట్టేస్తే ఆ లెక్క అక్కడితో తేలిపోతుంది. తెలంగాణలోనైతే 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు ఆ రోడ్డు టాక్స్ కూడా లేదు, 2026 డిసెంబరు 31 దాకా మినహాయింపు ఇచ్చారు. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం పద్ధతి వేరు. ఇల్లున్నవాళ్లకు ఇంటి పన్ను వచ్చినట్టే, కారున్నవాళ్లకు ఏటా కారు పన్ను వస్తుంది. కాగితం మీద దాని పేరు పర్సనల్ ప్రాపర్టీ టాక్స్. ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లోనో హెర్న్‌డన్‌లోనో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే ‘కార్ టాక్స్ వచ్చిందా, ఎంతేశాడు’ అనే మాట రాకుండా ఉండదు.

ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు ఈ బాధ కాస్త ఎక్కువ. కొత్తప్పుడు ధర ఎక్కువ, పాతబడే కొద్దీ విలువ గబగబా పడిపోతుంది. పన్ను వేసే కౌంటీ (మన జిల్లా లాంటిది) పుస్తకంలో ఉన్న విలువకూ, అమ్మబోతే నిజంగా వచ్చే డబ్బుకూ పొంతన కుదరదు. అలాంటప్పుడు అప్పీలు చేసుకునే హక్కు మీకుంది. లాయరు అక్కర్లేదు. కానీ చాలామంది తప్పు వాదనతో వెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తారు. పన్ను ఎక్కువైందని, ఎలక్ట్రిక్ కార్ల మార్కెట్ మొత్తం పడిపోయిందని రాస్తారు. ఆ మాటలతో కౌంటీ పన్ను ఆఫీసు చేయగలిగేది ఏమీ లేదు. జనవరి 1న, మీ ఒక్క కారు, ఏ స్థితిలో ఉంది అన్నది కాగితాలతో చూపిస్తేనే పని జరుగుతుంది.

ముందు బిల్లు చదవండి

బిల్లులో చూడాల్సినవి మూడు: కారు వివరం, కట్టిన విలువ, రేటు. ఇందులో రేటు మీద అప్పీలు ఉండదు. దాన్ని కౌంటీ బోర్డు ఏటా బడ్జెట్ సమయంలో ఓటు వేసి నిర్ణయిస్తుంది. దాని మీద ఏమైనా చెప్పాలంటే వసంతకాలంలో జరిగే బహిరంగ విచారణకు వెళ్లి చెప్పాలి. అప్పీలు విలువ మీద మాత్రమే.

ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో చాలా ఏళ్ల పాటు నడిచిన రేటు వంద డాలర్ల విలువకు 4.57 డాలర్లు. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మీ కారుకు 38,000 డాలర్ల విలువ కట్టారనుకోండి, పన్ను 1,736.60 డాలర్లు. సొంత వాడకానికి ఉన్న కారైతే ఇందులో కొంత రాష్ట్రం భరిస్తుంది. 1998లో వచ్చిన కారు పన్ను ఉపశమన చట్టం ప్రకారం ఆ సాయం మొదటి 20,000 డాలర్ల విలువ మీదే లెక్క కడతారు. ఎంత శాతం అన్నది కౌంటీని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. లెక్క సులువుగా ఉండటానికి 50 శాతం అనుకుంటే 457 డాలర్లు తగ్గి మీరు కట్టేది 1,279.60 డాలర్లు అవుతుంది.

ఇక్కడే ఎలక్ట్రిక్ కారు వాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. 20,000 డాలర్లు దాటిన భాగానికి ఉపశమనం లేదు. కాబట్టి 38,000 విలువను 35,000కు తగ్గించగలిగితే ఆ 3,000 మీద పన్ను మొత్తం, అంటే 137.10 డాలర్లు, మీకు మిగులుతుంది. అదే 15,000 డాలర్ల కారును 12,000కు తగ్గిస్తే మిగిలేది అందులో సగమే. ఖరీదైన, కొత్త కారుకు అప్పీలు ఎక్కువ గిట్టుబాటు. తేడా మూడు నాలుగు వందల డాలర్లే అయితే మిగిలేది పదీ ఇరవై డాలర్లు. ఆ శ్రమ అవసరమా అన్నది మీ ఇష్టం.

బిల్లులో ‘సొంత వాడకం’ అని ఉందో లేదో తప్పక చూడండి. కారును సగానికి పైగా వ్యాపారానికి వాడుతున్నట్టు నమోదైతే ఆ ఉపశమనం మొత్తం పోతుంది. అది విలువ తగాదా కాదు, నమోదు సవరణ. చిన్న ఫారంతో అయిపోయే పని, అయినా కొన్నిసార్లు అప్పీలు కంటే ఎక్కువ డబ్బు తెచ్చిపెడుతుంది. ఇంకోటి కూడా అడగండి. స్వచ్ఛ ఇంధన వాహనాలకు వేరే తక్కువ రేటు పెట్టుకునే అధికారాన్ని రాష్ట్ర చట్టం కౌంటీలకు, నగరాలకు ఇచ్చింది. అన్నీ వాడుకోవు. మీ దగ్గర ఉందో లేదో ఒక్క ఫోనుతో తెలుస్తుంది.

పుస్తకంలో ఉన్నది మీ కారేనా?

వర్జీనియా చట్టం 58.1-3503 సెక్షన్ ప్రకారం కార్లకు విలువ కట్టాల్సింది గుర్తింపు పొందిన ధరల గైడ్‌ను బట్టి. ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలు రెండూ వాడుతున్నది జె.డి. పవర్ గైడ్. పాతవాళ్లు దాన్ని ఇంకా నాడా పుస్తకం అనే అంటారు. గైడ్‌లోని సర్దుబాట్లన్నీ ప్రతి కారుకూ వర్తింపజేయవచ్చు, లేదంటే మూల విలువను అందరికీ ఒకేలా వాడవచ్చు. ఆ మూల విలువ రిటైల్, హోల్‌సేల్, లోన్ విలువల్లో ఏదైనా కావచ్చు. మీ కౌంటీ వాడుతున్నది ఏదో ముందే కనుక్కోండి. వాళ్లు ట్రేడ్-ఇన్ విలువ (పాత కారును డీలరు తీసుకునేటప్పుడు ఇచ్చే ధర) వాడుతుంటే మీరు డీలర్లు అమ్మే ధరలు పట్టుకెళ్తే మీ కేసు మీరే పాడుచేసుకున్నట్టు, ఎందుకంటే అవి ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి.

తర్వాత విన్ నంబరు, అంటే కారు గుర్తింపు సంఖ్య, తీయండి. విండ్‌షీల్డ్ కింద ఎడమ మూల 17 అక్షరాలు ఉంటాయి. పదో అక్షరం మోడల్ సంవత్సరం చెబుతుంది: ఎన్ అంటే 2022, పి అంటే 2023, ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025. టెస్లాలో నాలుగోది మోడల్, ఎనిమిదోది మోటారు రకం. ఇంత పట్టించుకోవడం దేనికంటే, ఎలక్ట్రిక్ కార్లలో పేరు ఒకటే, రకాలు అనేకం. మోడల్ వై లాంగ్ రేంజ్‌కూ పర్ఫార్మెన్స్‌కూ మధ్య వేల డాలర్ల తేడా. నిస్సాన్ లీఫ్‌లో 40 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్నది వేరు, పెద్ద బ్యాటరీ ఉన్న లీఫ్ ప్లస్ వేరు. పై రకంగా నమోదైతే ఏటా ఆ లెక్కనే పన్ను వస్తూ ఉంటుంది, ఎవరూ అడగరు. బిల్లులో రాసిన రకాన్ని మీ కొనుగోలు పత్రంతో, విన్‌తో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే అంతకన్నా బలమైన కేసు ఇంకోటి ఉండదు, వాదించాల్సిన పనే లేదు.

కారు మరీ కొత్తదై గైడ్‌లో ఇంకా చేరకపోతే చట్టం వేరే దారి చూపిస్తుంది. కొన్న ధరలో కొంత శాతంగా విలువ కట్టవచ్చు. ఆ ధరకు రుజువు, డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ చూసే రాష్ట్ర శాఖ) దగ్గర మీరు 4.15 శాతం అమ్మకపు పన్ను ఏ మొత్తం మీద కట్టారో ఆ మొత్తమే. టెస్లా కొన్నవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. డ్రైవింగ్‌లో సాయపడే సాఫ్ట్‌వేర్, ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ ప్యాకేజీ, 2022 సెప్టెంబరు నుంచి ఏడాది పాటు 15,000 డాలర్లు ఉండేది, 2024 ఏప్రిల్‌కు 8,000 డాలర్లకు దిగింది. కొనేటప్పుడే దాన్ని కలుపుకుని ఉంటే మీ కొన్న ధర దాని మేరకు పెరిగినట్టే. అమ్మబోయేటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌కు అంత డబ్బు ఎవరూ ఇవ్వరు. కొన్న ధర శాతం నిజమైన మార్కెట్ విలువను చూపించకపోతే వేరే పద్ధతి ఎంచుకునే వీలు అధికారికి చట్టంలోనే ఉంది. మీరు కోరాల్సింది అదే. 2025 సెప్టెంబరు 30తో ముగిసిన 7,500 డాలర్ల ఫెడరల్ టాక్స్ క్రెడిట్‌ను మాత్రం ధరలోంచి తీసేయమని అడగవద్దు. అది ప్రభుత్వం మీకిచ్చిన సాయం, కారు ధర తగ్గడం కాదు.

జనవరి 1 అనే గీత

వర్జీనియాలో విలువ జనవరి 1 నాటిది. ఆ తర్వాత ఏం జరిగినా ఆ ఏటి లెక్కలోకి రాదు. ఇది ఎంత దెబ్బ తీస్తుందో 2023లో టెస్లా వాళ్లు చూశారు. ఆ జనవరి రెండో వారంలో కంపెనీ మోడల్ వై లాంగ్ రేంజ్ ధరను 65,990 డాలర్ల నుంచి ఒక్కసారిగా 52,990కి దించింది. పాత కార్ల విలువ కూడా దాంతో పాటే జారింది. కానీ కౌంటీ గీత గీసింది అంతకు ముందే. ఆ ఏడాది ధర తగ్గింపును చూపించి అప్పీలు చేసినవాళ్లకు ఏ ఆఫీసైనా చెప్పే జవాబు ఒకటే, అది వచ్చే ఏడాది విలువలో కనిపిస్తుందని.

మీకు ఫిబ్రవరిలో ప్రమాదం జరిగినా అంతే. డిసెంబరులో జరిగి జనవరి 1 నాటికి బాగుచేయించకుండా ఉంటే మాత్రం అది ఈ ఏటి లెక్కే. అందుకని సేకరించే ప్రతి కాగితం మీదా తేదీ చూసుకోండి. జనవరి 1కి ఎంత దగ్గరగా ఉంటే దానికి అంత బలం.

మీ కారు స్థితిని రుజువు చేయడం

ఇదే 58.1-3503 సెక్షన్‌లో చాలామంది కంట పడని వాక్యం ఒకటుంది. పన్ను చెల్లించేవారు కోరితే అధికారి ఆస్తి స్థితిని లెక్కలోకి తీసుకోవాలి, ఆ స్థితిలో సాంకేతికంగా కాలం చెల్లడం కూడా భాగమే అని. తగిన చోట మాత్రమే అనే షరతు ఉంది. అయినా మీ అప్పీలుకు చట్టంలో పునాది ఇదే. దరఖాస్తులో ఈ సెక్షన్ నంబరు రాయండి.

మొదటిది మైలేజీ. వయసుకు మించి తిరిగిన కారైతే గైడ్‌లోనే తగ్గింపు పట్టిక ఉంటుంది. మామూలుగా ఆఫీసులు దీనికి ఆయిల్ మార్పించిన రసీదు అడుగుతాయి, దాని మీద ఓడోమీటర్ అంకె ఉంటుంది కాబట్టి. మన కారుకు ఆయిలే లేదు! ఉత్తర వర్జీనియాలో పెట్రోలు కార్లకు ఉండే పొగ పరీక్ష కూడా ఎలక్ట్రిక్ కార్లకు ఉండదు, కాబట్టి ఆ కాగితమూ దొరకదు. మిగిలేది ఏటా తప్పనిసరిగా చేయించే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్. ఆ రసీదు మీద తేదీ, విన్, ఓడోమీటర్ అంకె మూడూ ఒకే చోట ఉంటాయి, పైగా అది రాష్ట్రం గుర్తింపు ఉన్న స్టేషన్ ఇచ్చిన కాగితం. స్టిక్కర్ అద్దానికి అంటించాక రసీదును గ్లవ్ బాక్సులో పడేసి మరిచిపోవడం మన అలవాటు. తీసి ఫొటో పెట్టుకోండి. అది జనవరి 1కి దూరంగా ఉంటే టైర్లు మార్పించిన బిల్లో, సర్వీస్ సెంటర్ ఇన్వాయిసో జత చేయండి. వాటి మీద కూడా మైలేజీ రాస్తారు.

రెండోది బ్యాటరీ. ఎలక్ట్రిక్ కారు విలువలో పెద్ద భాగం అదే, అయినా గైడ్‌లో దానికంటూ ఒక గడి ఉండదు. వయసుతో వచ్చే మామూలు తరుగుదల గైడ్ విలువలో ఉన్నట్టే లెక్క. కాబట్టి నా బ్యాటరీ పాతబడింది అంటే చాలదు, ఈ వయసు కారుకు ఉండాల్సినదానికన్నా ఎక్కువ తగ్గింది అని చూపాలి. 2025 మోడల్ దాకా వచ్చిన లీఫ్ ఉన్నవాళ్లకు ఇది సులువు. మీటరు పక్కన 12 గీతలు ఉంటాయి, ఎన్ని పోయాయో కళ్లకు కనిపిస్తుంది. ఆ కారులో బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు, అందుకే దాని బ్యాటరీ తొందరగా నీరసపడుతుంది. గీతలు కనిపించేలా, ఓడోమీటర్ కూడా అదే ఫ్రేములో పడేలా ఫొటో తీయండి. మిగతా కార్లకు డీలరు ఇచ్చే బ్యాటరీ ఆరోగ్య నివేదిక కావాలి. నోటి మాట కాదు, లెటర్‌హెడ్ మీద తేదీతో. వారంటీ సంగతి కూడా చెప్పుకోండి. ఎక్కువ కంపెనీల బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లు. మీ కారు అది దాటి ఉంటే కొనేవాడు ధర తగ్గించి అడుగుతాడు, మార్కెట్ విలువ అంటే కొనేవాడు ఇచ్చేదే కదా.

మూడోది కాలం చెల్లిన సాంకేతికత. ఇందులో గట్టి ఉదాహరణ మళ్లీ లీఫే. 2025 మోడల్ దాకా దాని ఫాస్ట్ చార్జింగ్ చాడెమో అనే ప్లగ్‌తో. అమెరికాలో కొత్త చార్జింగ్ స్టేషన్లు ఆ ప్లగ్ పెట్టడం దాదాపు మానేశాయి, టెస్లా తరహా ప్లగ్ వైపు పరిశ్రమ అంతా మళ్లింది. ఈ వాదన ఒక్కదానితో నెగ్గుతారని చెప్పలేను. బ్యాటరీ కాగితానికి తోడుగా పెడితే బరువు పెరుగుతుంది.

ఇక డెంట్లు, తుప్పు, ప్రమాదాలు, సాల్వేజ్ టైటిల్ (బాగా దెబ్బతిన్న కారని ముద్ర పడిన యాజమాన్య పత్రం) లాంటివి పెట్రోలు కార్లకు ఉన్నట్టే. రిపేరు అంచనా, ఫొటోలు, టైటిల్ కాపీ ఉంటే చాలు. బ్యాటరీ ప్యాక్ కింది పలకకు దెబ్బ తగిలి ఉంటే మాత్రం తప్పకుండా అంచనా రాయించండి, పైకి చిన్న గీతలా కనిపించినా బాగు చేయించే ఖర్చు చాలా పెద్దది.

దరఖాస్తు ఎక్కడ, ఎలా

లౌడన్‌లో ఈ పని చూసేది కమిషనర్ ఆఫ్ ది రెవెన్యూ, ప్రజలు ఎన్నుకునే పదవి. ఫెయిర్‌ఫాక్స్‌లో ఆ పని టాక్స్ అడ్మినిస్ట్రేషన్ విభాగానిది. మొదటి మెట్టు అక్కడే, ఫీజు లేదు. 58.1-3980 సెక్షన్ ప్రకారం పన్ను ఏడాది చివరి రోజు నుంచి మూడేళ్ల దాకా, లేదా విలువ కట్టిన తేదీ నుంచి ఏడాది దాకా, ఏది ఆలస్యమైతే అప్పటివరకు సవరణ కోరవచ్చు. అంటే రకం తప్పుగా నమోదైన సంగతి ఇప్పుడు కనిపెట్టినా వెనక్కి వెళ్లి అడగవచ్చు. కానీ పాత మైలేజీకి, పాత స్థితికి రుజువులు రోజులు గడిచే కొద్దీ దొరకవు. బిల్లు రాగానే కదలడమే మంచిది.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పైన పేరు, బిల్లు మీది ఖాతా నంబరు, విన్. ఆ కింద, ఉదాహరణకు, ఇలా: ‘జనవరి 1 నాటికి ఈ వాహనానికి మీరు కట్టిన విలువ 34,000 డాలర్లు. సరైన విలువ 29,500 డాలర్లని నా మనవి. కారణాలు: వాహనం పర్ఫార్మెన్స్ రకంగా నమోదైంది, విన్ ప్రకారం అది లాంగ్ రేంజ్. డిసెంబరు 28 నాటి ఇన్‌స్పెక్షన్ రసీదు ప్రకారం 61,400 మైళ్లు తిరిగింది. 58.1-3503 సెక్షన్ ప్రకారం వాహన స్థితిని లెక్కలోకి తీసుకోమని కోరుతున్నాను. జత: ఎ, బి, సి.’ అంతే. కోరే విలువ అంకెతో రాయడం మరిచిపోవద్దు. తగ్గించండి అని ఊరుకుంటే ఎంత తగ్గించాలో వాళ్ల ఇష్టం. ఆ అంకె మీకు ఎలా వచ్చిందో ఒక వాక్యంలో చెప్పండి.

మీ లాంటి కారుకే ఆ రోజుల్లో డీలరు రాసిచ్చిన ట్రేడ్-ఇన్ ఆఫరు ఉంటే అది బంగారం. పాత కార్లు కొనే సంస్థల ఆన్‌లైన్ ఆఫర్లు కూడా పనికొస్తాయి, అయితే విన్, మైలేజీ, తేదీ వాటి మీద ఉండాలి. వేరే గైడ్‌లోంచి ధర తీసి ఇదిగో తక్కువుంది అంటే సాధారణంగా ఒప్పుకోరు, అందరికీ ఒకే గైడ్ వాడాలనేది వాళ్ల నియమం.

కారు లీజుదైతే ముందు ఒప్పందం చదవండి. యజమాని లీజు కంపెనీ కాబట్టి బిల్లు వాళ్ల పేరు మీద వెళ్లవచ్చు, కానీ ఎక్కువ లీజుల్లో ఆ డబ్బు చివరికి మీ దగ్గరే వసూలు చేస్తారు. అప్పీలు మీరే చేయవచ్చా, వాళ్ల అనుమతి పత్రం కావాలా అని కౌంటీని అడిగి కనుక్కోండి.

గడువులోగా డబ్బు కట్టేయండి

దీన్ని పెద్దక్షరాలతో రాసిపెట్టుకోండి. అప్పీలు నడుస్తోంది కదా అని బిల్లు ఆపవద్దు. ఫెయిర్‌ఫాక్స్‌లో గడువు అక్టోబరు 5, లౌడన్‌లో మే 5న సగం, అక్టోబరు 5న సగం. దాటితే జరిమానా, వడ్డీ మొదలవుతాయి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా ఆగిపోవచ్చు. మీరు గెలిస్తే ఎక్కువ కట్టింది వెనక్కి ఇస్తారు. ఎలక్ట్రిక్ కార్లకు డీఎంవీ వేసే హైవే యూజ్ ఫీజును దీనితో కలపవద్దు. అది రాష్ట్రానిది, కౌంటీ దాన్ని తగ్గించలేదు.

ఆఫీసు కాదంటే రెండో మెట్టు సర్క్యూట్ కోర్టు, 58.1-3984 సెక్షన్ కింద. అక్కడ విలువ తప్పని రుజువు చేసే భారం మీదే. వందా రెండొందల డాలర్ల కోసం కోర్టుకు వెళ్లమని నేనెవరికీ చెప్పను. దానికన్నా ముందు, ఏ కాగితం సరిపోలేదో ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు తేదీ లేని ఫొటో, సంతకం లేని అంచనా లాంటి చిన్న లోపమే అడ్డు. సరిచేసి మళ్లీ పంపవచ్చు.

వేరే రాష్ట్రాల్లో ఉంటే

నార్త్ కరోలినాలో, అంటే కేరీ, మోరిస్‌విల్ వైపు, పన్ను రిజిస్ట్రేషన్ రెన్యువల్‌తో కలిపి వస్తుంది. గడువు తేదీ నుంచి 30 రోజుల్లోపే కౌంటీ అసెసర్‌కు అప్పీలు చేయాలి, పన్ను ముందే కట్టి ఉండాలి. వర్జీనియాలో ఉన్నంత తీరిక అక్కడ లేదు. కనెటికట్‌లో 2024 అక్టోబరు 1 జాబితా నుంచి కంపెనీ ప్రకటించిన ధరలో వయసును బట్టి శాతం తీసి, అందులో 70 శాతం మీద పన్ను వేస్తున్నారు. మార్కెట్ పడిపోయిందన్న వాదనకు అక్కడ చోటు తక్కువ. సరైన ప్రకటిత ధర, సరైన రకం నమోదయ్యాయా అన్నదే చూసుకోవాలి. జార్జియాలో 2013 మార్చి నుంచి కొన్న కార్లకు టైటిల్ తీసుకునేటప్పుడు ఒక్కసారే పన్ను. టెక్సస్, న్యూజెర్సీ వాళ్లకు సొంత కార్ల మీద ఈ ఏటేటా పన్ను లేదు.

వర్జీనియాలో ఈ ఏడు మైలేజీ మీద తగ్గించారని వచ్చే ఏడూ తమంతట తామే తగ్గిస్తారనుకోవద్దు, మళ్లీ కాగితం పెట్టాల్సి రావచ్చు. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ గడువు ఫిబ్రవరి, మార్చిల్లో ఉన్నవాళ్లు దాన్ని డిసెంబరు చివరి వారానికి జరుపుకుంటే ఆ రసీదే జనవరి 1కి సరిపోయే రుజువు అవుతుంది.